బిల్లులోనే కూర్చున్న లంచం

మా రంగంలో లంచం కవర్లో పెట్టి చేతికిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడది బిల్లులోనే వస్తుంది, టాక్సు కూడా కలుపుకుని, సంతకంతో సహా. హోటళ్లు, కాన్ఫరెన్సులు, కంపెనీ మీటింగుల లోకంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదట హోటల్లో బాంక్వెట్ సేల్స్ (విందులకీ మీటింగులకీ హాళ్లు అమ్మే పని), తర్వాత టేబుల్‌కి అటువైపు మారి కంపెనీల తరఫున హాళ్లూ గదులూ మాట్లాడిపెట్టే ప్లానర్ పని. ఈ ఫీల్డులోకి కొత్తగా వచ్చిన పిల్లల్ని అడిగితే ఎథిక్స్ ట్రైనింగ్ అంటూ ఒకటి అయిందనీ, గిఫ్టులు తీసుకోకూడదని చెప్పి పంపించేశారనీ అంటారు. గిఫ్టులదేముంది, అవి కంటికి కనబడతాయి. కనబడనివాటి గురించి రాద్దామని ఇది.

ముందు ఈ రంగంలో ఉన్న అసలు చిక్కు చెప్పుకోవాలి. సిమెంటు అమ్మేవాడు కొనేవాడికి రెండు రాత్రులు పెద్ద హోటల్లో గది బుక్ చేస్తే, అది సరుకుతో సంబంధం లేని వ్యవహారమని ఎవరికైనా తెలిసిపోతుంది. అదే పని హోటల్ వాళ్లు చేస్తే? వాళ్లు అమ్మేదే గది. ఆ గది చూడకుండా, ఆ వంట రుచి చూడకుండా, ఐదొందల మందిని తీసుకెళ్లి అక్కడ దించమని ఏ ప్లానర్‌కీ చెప్పలేం. అంటే శాంపిల్ ఇచ్చినా అదే గది, లంచం ఇచ్చినా అదే గది. మేం అమ్మేదే మర్యాద. మర్యాద చేస్తే మొహమాటం పుడుతుంది, మొహమాటం పుట్టాక మూడు కొటేషన్లలో ఒకటి మిగతా రెండింటికన్నా కాస్త అందంగా కనబడుతుంది. ఎవరూ నోరు తెరిచి అడగలేదు, ఎవరూ చెయ్యి తడపలేదు, అయినా పని జరిగిపోయింది.

సైట్ ఇన్‌స్పెక్షన్ సంగతే చూడండి. నిజంగా పని మీద వెళ్లినవాళ్లు ఏం చూస్తారంటే, హాల్లో స్తంభాలు ఎక్కడున్నాయి, స్క్రీన్ పెడితే ఏ వరుసకి అడ్డొస్తాయి, సీలింగ్ ఎత్తెంత, లైట్లు వేలాడదీయడానికి పైన పాయింట్లున్నాయా, సామాను లారీ ఎంతదాకా వస్తుంది, అక్కణ్ణుంచి వచ్చే సర్వీస్ లిఫ్టులో స్టేజీ ప్యానెల్ పడుతుందా లేదా. థియేటర్ స్టైల్లో ఎనిమిది వందల మంది పడతారని బ్రోషర్‌లో రాసిన హాల్లో టేబుళ్లు వేసి క్లాస్‌రూమ్ స్టైల్లో కూర్చోబెడితే అందులో సగం మంది పడితే గొప్ప. టీ బ్రేక్‌కి అందరూ ఒకేసారి లేస్తే బాత్రూములు సరిపోతాయా, వీల్‌చైర్‌లో వచ్చిన స్పీకర్ స్టేజీ ఎక్కగలరా, ఇవన్నీ చూడాలి. ఫైర్ ఎగ్జిట్ తలుపు మాత్రం నేనే చేత్తో తోసి చూస్తాను, అడిగితే ఎవరైనా అన్నీ బాగానే ఉన్నాయనే అంటారు కాబట్టి.

ఇదంతా ఒక పూట పని. పెద్ద ప్రాపర్టీ అయితే ఒక రాత్రి ఉండాల్సి రావచ్చు. శుక్రవారం సాయంత్రం కుటుంబంతో దిగి, ఆదివారం దాకా స్పా అనీ స్విమ్మింగ్ పూల్ అనీ గడిపి, బయల్దేరే ముందు హాల్లోకి తొంగిచూసి రెండు ఫొటోలు తీసుకుని వచ్చేదాన్ని కూడా సైట్ ఇన్‌స్పెక్షన్ అనే రాస్తారు. ఫ్యామ్ ట్రిప్ అని ఇంకోటి ఉంది, టూరిజం బోర్డులూ ఎయిర్‌లైన్సూ హోటళ్లూ కలిసి ప్లానర్లని గుంపుగా తిప్పి చూపించేది. అవన్నీ దొంగవేం కాదు, నాకు నిజంగా పనికొచ్చినవి ఉన్నాయి. కానీ ఆ చోట ఈవెంట్ పెట్టే ఆలోచన మన కంపెనీకి, క్లయింట్లకి కలలో కూడా లేనప్పుడు ఆ ట్రిప్పుకి ఎందుకెళ్లినట్టు? తేడా పట్టుకోవాలంటే తిరిగొచ్చాక రాసిన రిపోర్టు అడగండి. పని మీద వెళ్లినవాళ్ల రిపోర్టు నిండా ఫిర్యాదులే ఉంటాయి. విహారానికి వెళ్లినవాళ్ల రిపోర్టులో వ్యూ బ్రహ్మాండంగా ఉంటుంది, స్టాఫ్ చాలా ఫ్రెండ్లీగా ఉంటారు.

ఈ తనిఖీ అన్న పేరుని ఎంత దూరం లాగొచ్చో లూసెంట్ టెక్నాలజీస్ అనే అమెరికా టెలికాం కంపెనీ చూపించింది. 2000 నుంచి 2003 మధ్య చైనా ప్రభుత్వ టెలికాం సంస్థల మనుషులు దాదాపు 1,000 మందిని ఇంచుమించు 315 ట్రిప్పుల్లో తిప్పింది, ఖర్చు కోటి డాలర్ల పైమాటే. పుస్తకాల్లో చాలావాటికి ఫ్యాక్టరీ తనిఖీ అనో ట్రైనింగ్ అనో రాసుకున్నారు. వెళ్లింది డిస్నీ పార్కులకీ, గ్రాండ్ కాన్యన్‌కీ, లాస్ వేగాస్‌కీ. అప్పటికే తయారీ పనిని బయటి కంపెనీలకి అప్పగించేయడంతో చూపించడానికి సొంత ఫ్యాక్టరీలు కూడా పెద్దగా మిగల్లేదు. 2007 చివర్లో కేసు రాజీతో ముగిసింది. అమెరికాలో కేసు నడిపిన రెండు ప్రభుత్వ సంస్థలకీ కలిపి కట్టింది 25 లక్షల డాలర్లు, అంటే ట్రిప్పులకి పెట్టిన ఖర్చులో పావు వంతు. లెక్క చూసుకుంటే జరిమానా కన్నా విహారయాత్రలే ఖరీదు.

ఇక కమిషన్. దీని గురించి మాట్లాడాలంటే మావాళ్లకి నోరు రాదు, ఎందుకంటే సగం మంది జీవనం దీని మీదే. థర్డ్ పార్టీ ప్లానర్, అంటే క్లయింట్ కంపెనీ ఉద్యోగి కాని బయటి ప్లానర్, ఒక గ్రూపుని హోటల్‌కి తెస్తే గది ఆదాయం మీద హోటల్ కమిషన్ ఇస్తుంది. చాలాకాలం పాటు అది పది శాతం ఉండేది. 2018లో మారియట్ ఉత్తర అమెరికాలో గ్రూపు బుకింగుల మీద దాన్ని 7 శాతానికి తగ్గించినప్పుడు ప్లానర్లు ఎంత గోల చేశారో, అదే ఏడాది హిల్టన్ కూడా అదే దారి పట్టినప్పుడు ఎంత ఉడికిపోయారో చూస్తే ఈ డబ్బు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. కమిషన్ తీసుకోవడం నా దృష్టిలో తప్పు కాదు. పని చేశాం, డబ్బు తీసుకున్నాం. తప్పెక్కడ మొదలవుతుందంటే, క్లయింట్ దగ్గర మీకోసమే బేరమాడుతున్నానని ఫీజు తీసుకుని, అటుపక్క హోటల్ దగ్గర కమిషన్ తీసుకుని, ఈ రెండో సంగతి క్లయింట్‌కి చెప్పకుండా ఉన్నప్పుడు. అక్కడ గది రేటు ఎంత పెరిగితే ప్లానర్‌కి అంత లాభం. నా తరఫున బేరమాడేవాడికి బేరం కుదరకపోతేనే లాభమైతే, కంచే చేను మేసినట్టు.

దీనికి తోడు పాయింట్లు. పెద్ద హోటల్ చెయిన్లన్నిటికీ మీటింగ్ ప్లానర్లకి పాయింట్లిచ్చే స్కీములు ఉంటాయి. కంపెనీ డబ్బుతో ఈవెంట్ పెడితే పాయింట్లు ప్లానర్ సొంత అకౌంట్లో పడతాయి, ఆ పాయింట్లతో సెలవుల్లో ఉచితంగా గది దొరుకుతుంది. ఇది చాలా చోట్ల కంపెనీకి తెలిసే జరుగుతుంది, కొన్ని కంపెనీలు వద్దంటాయి, చాలావాటికి అసలు ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. కాంట్రాక్టులో చివరి పేజీలో ఆ మెంబర్‌షిప్ నంబరు రాసే ఖాళీ ఉంటుంది చూడండి, కాంట్రాక్టు చదివే లాయరు కూడా అక్కడికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాడు.

నా అభిప్రాయం అడిగితే మొత్తం గొడవంతా ఒక ప్రశ్న దగ్గరికి వస్తుంది: డబ్బు కట్టేవాడికి ఈ సంగతి తెలుసా? తెలిసి సరేనన్నాడంటే అది వ్యాపారం. తెలియనివ్వకుండా జాగ్రత్తపడ్డామంటే దానికి ఏ పేరు పెట్టుకున్నా ఒకటే. గిఫ్టు ఇంతకి మించకూడదు, డిన్నర్ అంతకి మించకూడదు అని పరిమితులు పెట్టే పాలసీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పరిమితి పెట్టిన మర్నాటి నుంచి అందరూ సరిగ్గా దానికి ఒక్క మెట్టు కింద గిఫ్టులు కొనడం మొదలుపెడతారు. డిన్నర్ బిల్లు పెద్దదైతే ఇద్దరి పేర్ల మీద విడగొడతారు. ఇద్దరూ సరిపోకపోతే రాని మనిషి పేరు కూడా హాజరు పట్టీలో చేరుతుంది.

పరిమితి వల్ల డబ్బు ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి ఎలా జారిపోతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ అమెరికా జీఎస్ఏ కేసు చెప్తాను. జీఎస్ఏ అంటే అక్కడి ప్రభుత్వ శాఖలకి ఆఫీసులూ సామాన్లూ సమకూర్చే సంస్థ, అంటే ప్రభుత్వ ఖర్చుని కనిపెట్టి ఉండాల్సిన సంస్థే. 2010 అక్టోబరులో లాస్ వేగాస్ దగ్గర దాదాపు 300 మందితో ఒక కాన్ఫరెన్స్ పెట్టింది. ఖర్చు ఎనిమిది లక్షల ఇరవై వేల డాలర్లు దాటింది. దాని ముందు చూసొచ్చే ట్రిప్పులకీ, ప్లానింగ్ మీటింగులకీ లక్షా ముప్పై వేలకి పైగా అయింది. 2012లో ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే ఆ సంస్థ లెక్కల్నీ పనుల్నీ తనిఖీ చేసే అధికారి, రిపోర్టు బయటికొచ్చాక పేపర్లన్నీ అక్కడికి పిలిపించిన మనసులో మాట చెప్పే ఇంద్రజాలికుడి గురించీ, స్మారక నాణేల గురించీ రాసుకుని నవ్వుకున్నాయి. సంస్థ అధిపతి మార్తా జాన్సన్ రాజీనామా చేశారు. నాకు మాత్రం ఆ రిపోర్టులో నవ్వు రాని ఒక లైనుంది. ప్రభుత్వోద్యోగులకి గది అద్దె మీద పరిమితి ఉంటుంది కదా, ఆ పరిమితికి హోటల్ ఒప్పుకున్నందుకు బదులుగా కేటరింగ్ ఖర్చు 41,480 డాలర్లు అదనంగా ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. గది బిల్లు చూస్తే రూల్ ప్రకారం ముచ్చటగా ఉంది. అక్కడ తగ్గింది భోజనాల బిల్లులో కూర్చుంది. సేల్స్‌లో పనిచేసినవాళ్లెవరికైనా ఈ ఎత్తు కొత్తేం కాదు, రోజూ చేసేదే. గదులూ, హాలూ, భోజనాలూ, మైకులూ స్క్రీన్లూ కలిపి ఒక ప్యాకేజీగా అమ్మేటప్పుడు ఎక్కడ తగ్గించి ఎక్కడ పెంచాలన్నది హోటల్ ఇష్టం. క్లయింట్ మేనేజరు తన బాస్‌కి ఏ లైన్ చూపించి మెప్పు పొందాలనుకుంటాడో ఆ లైన్ తగ్గుతుంది.

భోజనాల బిల్లు దగ్గరే ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు చేతివాటమంతా అక్కడే. బఫే లంచ్‌కి క్లయింట్ ముందుగా మూడొందల మందికి గ్యారంటీ ఇస్తాడు. రెండొందల అరవై మంది వచ్చినా మూడొందలకీ కట్టాల్సిందే, అది న్యాయం, అంతమందికీ వండారు కాబట్టి. గొడవ మూడొందలు దాటినప్పుడు. ఎంతమంది తిన్నారో ఎలా తెలుస్తుంది? ప్లేట్లు లెక్కపెడతారు. లంచ్ మొదలయ్యే ముందు బాంక్వెట్ కెప్టెన్ దొంతర్లు లెక్కపెట్టి బయట పెడతాడు, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టి తీసేస్తాడు. ఇప్పుడు ఒకాయన తినేసి, రెండోసారి వడ్డించుకోవడానికి శుభ్రమైన ప్లేటు తీసుకున్నాడనుకోండి, లెక్కలో ఆయన ఇద్దరు. డెజర్ట్‌కి చిన్న ప్లేట్లు అయిపోయి పెద్దవి తీసుకుంటే ముగ్గురు. హాలు ఎలక్ట్రీషియన్లూ, మన ఫొటోగ్రాఫర్ మనుషులూ వెనకనుంచి వచ్చి తింటే వాళ్లూ అంతే. ఇందులో ఎవరి మోసమూ లేదు, కానీ అటూ ఇటూ తేడా వచ్చే సందు ఉంది. ఆ సందులోనే "మూడొందల నలభై అయిందండీ, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం వస్తుంది, అదీ ప్లానర్ స్టేజీ దగ్గర మైకు పనిచేయక చెమటలు కక్కుతున్న టైములో. చాలామంది చూడకుండా పెట్టేస్తారు. కొందరు చూసే పెడతారు, ఎందుకంటే ఆ నలభై ప్లేట్లలో వాళ్లకీ వాటా ఉంది.

దీనికి మందు చాలా చిన్నది. లంచ్ మొదలవకముందే మన మనిషి ఒకరు కెప్టెన్ పక్కన నిలబడి దొంతర్లు లెక్కపెట్టాలి, ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టాలి, అయ్యాక మళ్లీ అంతే. వాడేసిన ప్లేట్లు ఎవరు తీస్తున్నారో, రెండోసారికి కొత్త ప్లేటు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కాంట్రాక్టులోనే రాసుకోవాలి. నిజాయితీ ఉన్న హోటళ్లు దీనికి సంతోషంగా ఒప్పుకుంటాయి, మర్నాడు గొడవ ఉండదని. "ఏంటండీ, మా మీద అంత నమ్మకం లేదా" అని నొచ్చుకున్నవాళ్ల దగ్గర రెండుసార్లు లెక్కపెట్టండి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. కంపెనీలు కూడా ఈ సామెత చదువుకున్నాయేమో అనిపిస్తుంది కొన్ని కేసులు చూస్తే. బీహెచ్‌పీ బిల్లిటన్ అనే గనుల కంపెనీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి స్పాన్సరు. ఆఫ్రికా, ఆసియా దేశాల ప్రభుత్వాధికారులూ, ప్రభుత్వ కంపెనీల వాళ్లూ కలిపి 176 మందిని ఆహ్వానించింది, చివరికి 60 మంది వెళ్లారు. హోటలూ టికెట్లూ సైట్‌సీయింగూ కలిపి ఒక్కో ప్యాకేజీ 12,000 నుంచి 16,000 డాలర్ల దాకా. వీళ్లలో కొందరి దగ్గర ఆ కంపెనీ పనులు పెండింగులో ఉన్నాయి. ఇక్కడ ఆసక్తికరమైన సంగతేంటంటే కంపెనీ దగ్గర పద్ధతి లేక కాదు. ప్రతి ఆహ్వానానికీ ఒక ఫారం ఉంది, ఈ మనిషి దగ్గర మన పనేదైనా ఉందా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. ఆ ఫారాల్ని బయటి విభాగం వాళ్లెవరూ కూర్చుని చదివి నిజమా కాదా అని చూడలేదు, అంతే. 2015లో అమెరికా నియంత్రణ సంస్థకి 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు. ఫారం నింపడమే నీతి అనుకునే ప్రతి ఆఫీసు గోడకీ ఈ కేసు అంటించాలి.

మందుల కంపెనీల సంగతికొస్తే మా రంగం పేరు ఇంకా బాగా వినబడుతుంది. 2013లో చైనా పోలీసులు గ్లాక్సోస్మిత్‌క్లైన్ మీద కేసు పెట్టినప్పుడు చెప్పిందేంటంటే, డాక్టర్లకీ అధికారులకీ వెళ్లిన డబ్బు ట్రావెల్ ఏజెన్సీల ద్వారా, కాన్ఫరెన్సుల పేరు మీద వెళ్లిందని. జరగని మీటింగులకీ, జరిగినా ఖర్చు పెంచి చూపించిన మీటింగులకీ బిల్లులు. 2014 సెప్టెంబరులో కోర్టు ఆ కంపెనీకి 300 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. మీటింగ్ అనేదాన్ని బిల్లు పుట్టించే యంత్రంగా వాడుకున్నారన్నమాట. ఎందుకు మీటింగే అంటారా? కుర్చీలు కొంటే కుర్చీలుండాలి. మీటింగ్ అయిపోయాక మిగిలేది నాలుగు ఫొటోలూ, ఒక హాజరు పట్టీ. మర్నాడు వెళ్లి చూస్తే ఖాళీ హాలు.

నోవార్టిస్ 2020 జులైలో అమెరికాలో కట్టిన 67.8 కోట్ల డాలర్ల కేసు ఇంకో రకం. అక్కడ మీటింగులు జరిగాయి, డాక్టర్లు ఇతర డాక్టర్లకి ఉపన్యాసాలిచ్చే స్పీకర్ ప్రోగ్రాములు అని. వాటిలో చాలాచోట్ల ఖరీదైన రెస్టారెంటులో భోజనమే తప్ప చదువు విషయం పెద్దగా లేదు, ఒకే టాపిక్ మీద అవే మొహాలు మళ్లీ మళ్లీ, స్పీకర్‌కి మాత్రం డబ్బు ముట్టింది. ఆ ఏడాది నవంబరులోనే అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఇలాంటి ప్రోగ్రాముల మీద ఒక హెచ్చరిక విడుదల చేసింది. కొత్తగా చెప్పడానికేమీ లేని సబ్జెక్టు, మద్యం, చదువుకి పనికిరాని చోటు, వచ్చినవాళ్లే మళ్లీ రావడం, ఇవన్నీ అనుమానించాల్సిన గుర్తులని. ఆ లిస్టు చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది, ఇవన్నీ ముందుగా తెలిసేది ఎవరికి? హాలు బుక్ చేసినవాడికి. ప్రొజెక్టర్ అక్కర్లేదు, స్క్రీన్ అక్కర్లేదు, బార్ మాత్రం రాత్రి పన్నెండు దాకా ఉండాలి అని ఆర్డర్ వచ్చిన "సైంటిఫిక్ మీటింగ్" ఏపాటిదో ఫంక్షన్ షీట్ (ఈవెంట్‌కి ఏమేం కావాలో రాసే కాగితం) రాసే కుర్రాడికి మొదటి రోజే తెలుస్తుంది. కానీ ఆ కుర్రాణ్ణి ఎవరూ అడగరు, వాడికి చెప్పే దారీ ఉండదు.

చట్టం ఏమంటుందంటే, మర్యాద చేయడమే నేరమని ఎక్కడా అనదు. 1977 నాటి అమెరికా ఎఫ్‌సీపీఏ అనే లంచాల నిరోధక చట్టం కూడా సరుకు చూపించడానికీ వివరించడానికీ అయ్యే సబబైన, నిజాయితీ గల ఖర్చుని ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ చట్టం లంచం ప్రొవిజన్లు విదేశీ ప్రభుత్వాధికారుల గురించే. 2010లో చేసి 2011 జులై నుంచి అమల్లోకి తెచ్చిన బ్రిటన్ బ్రైబరీ యాక్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఒక ప్రైవేటు కంపెనీ మేనేజరుకి ఇంకో ప్రైవేటు కంపెనీ ఇచ్చే లంచం కూడా దాని కిందకి వస్తుంది, పైగా లంచాన్ని ఆపడానికి సరైన ఏర్పాట్లు చేయకపోతే కంపెనీయే దోషి అవుతుంది. హోటల్ సేల్స్ మేనేజరుకీ కంపెనీ ప్లానర్‌కీ మధ్య జరిగేదంతా ప్రైవేటు వ్యవహారమే కాబట్టి మాలాంటివాళ్లకి ఈ రెండోదే ఎక్కువ తగులుతుంది. "ప్రభుత్వం వాళ్లెవరూ లేరుగా, మన మధ్యే కదా" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు.

హోటల్ లోపల జరిగేవాటిని గబగబా చెప్పి దాటేస్తాను, ఎందుకంటే అవి ఏ పెద్ద సంస్థలోనైనా ఉండేవే. పర్చేజ్ వాళ్లకి సప్లయర్ల దగ్గర వాటా, సరుకు దించుకునే చోట తూకం చూడకుండా సంతకం, బార్‌లో పోసిందొకటి రాసిందొకటి. ఒక్కటి మాత్రం నన్ను కలచివేస్తుంది. బాంక్వెట్ బిల్లు మీద సర్వీస్ చార్జి అని కలిపి వసూలు చేస్తారు, కట్టేవాళ్లు అది వడ్డించినవాళ్లకి వెళ్తుందనుకుని సంతోషంగా కడతారు, చాలాచోట్ల అందులో ఎంత వాళ్ల చేతికి వెళ్తుందో అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. రాత్రి రెండింటికి కుర్చీలు మడతపెట్టే మనిషి దగ్గర మిగుల్చుకున్న డబ్బుతో వీఐపీ క్లయింట్‌కి పూలబుట్ట పంపితే ఆ మర్యాదకి అర్థమేముంది?

మా వృత్తిలో ఒక గుణం ఉంది, అతిథి ఏం చేసినా పరువు కాపాడటం. 2015 మే 27న జ్యూరిక్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా పెద్దల్ని లంచాల కేసులో పోలీసులు పొద్దున్నే హోటల్ గదుల్లోంచి అరెస్టు చేసినప్పుడు, వాళ్ల మొహాలు కెమెరాలకి చిక్కకుండా హోటల్ స్టాఫ్ తెల్ల దుప్పట్లు అడ్డం పట్టుకుని కారుదాకా తీసుకెళ్లారు. ఆ స్టాఫ్‌ని నేను తప్పుపట్టను, అది వాళ్ల ఉద్యోగం, చాలా బాగా చేశారు కూడా. కానీ ఆ దుప్పటి బిల్లుల మీద కూడా కప్పడం అలవాటైపోయింది మాకు. కంపెనీ మేనేజరు రాత్రి తాగిన బార్ బిల్లుని "కాన్ఫరెన్స్ ప్యాకేజీ" లైన్లో కలపమంటే కలిపి ఇవ్వడాన్ని మావాళ్లు సర్వీస్ అనుకుంటారు.

ఆ అడగడం ఎలా ఉంటుందో చూడండి. చెక్-అవుట్ టైము, బ్యాగులు కారెక్కేశాయి, డెస్క్ దగ్గర ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి.

"ఏముందమ్మా, ఒక్క లైనేగా. బార్ అని రాయకు, అంతే. వచ్చే క్వార్టర్‌లో ఇంకో రెండు ఈవెంట్లు మీకే."

"సర్, మేనేజర్‌గారిని అడిగి..."

"ఆయన నాకు ఫ్రెండేనమ్మా. ఆయన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం?"

ఆ అమ్మాయి దగ్గర ఏ ఎథిక్స్ పాలసీ పనిచేస్తుంది చెప్పండి? ఇక్కడ నీతి గురించి ఉపన్యాసం పెట్టే బదులు ఆ పిల్లకి ఒక సాకు ఇవ్వాలి. "డే క్లోజ్ అయిపోయింది సర్, రాత్రి ఆడిట్ అయ్యాక లైన్ మారిస్తే సిస్టమ్‌లో అడ్జస్ట్‌మెంట్ అని నా పేరుతో పడుతుంది, కారణం టైప్ చేయందే ఒప్పుకోదు. కారణం ఏమని రాయమంటారు సర్?" ఇది అబద్ధం కూడా కాదు, చాలా హోటళ్ల సాఫ్ట్‌వేర్‌లో అలా పెట్టుకోవచ్చు, పెట్టుకోరంతే. కారణం ఏమని రాయమంటారన్న ప్రశ్న దగ్గర ఎనభై పాళ్లు బేరాలు ఆగిపోతాయి, నేను చూశాను. లంచం ఆపాలంటే కింది మనిషి ధైర్యం మీద ఆధారపడకూడదు. ఆ మనిషికి ధైర్యం అవసరం లేకుండా చేయాలి.

నేను ప్లానర్‌గా ఇప్పుడు పాటించేవి పెద్ద గొప్పవేం కాదు. హోటల్ మాకు కమిషన్ ఇస్తుందా, ఇస్తే ఎంత, అది క్లయింట్ బిల్లులో తగ్గుతుందా మా దగ్గర ఉంటుందా అన్నది ఒప్పందంలో మొదటి పేజీలోనే రాస్తాను. హోటల్ బిల్లు నా ద్వారా రాకుండా నేరుగా క్లయింట్ అకౌంట్స్ వాళ్లకే వెళ్లాలంటాను. మూడు కొటేషన్లూ ఒకే రోజు, ఒకే మెయిల్ ఐడీకి, ఆ మెయిల్ క్లయింట్ కూడా చూసేట్టు. ఒకరి రేటు ఇంకొకరికి చెప్పడం లేదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, "అవతలివాళ్లు ఎంతిచ్చారో చెప్పండి, మేం చూసుకుంటాం" అన్న ఫోన్ కాల్ దగ్గరే చాలా కథలు మొదలవుతాయి. మొదట్లో ఈ పద్ధతి చెప్తే ఇద్దరు ముగ్గురు క్లయింట్లు జారిపోయారు. ఆ జారిపోయినవాళ్లు కమిషన్ గురించి భయపడలేదు, బిల్లు నేరుగా అకౌంట్స్‌కి వెళ్తుందనగానే భయపడ్డారు. అప్పుడర్థమైంది, హోటళ్లనీ ప్లానర్లనీ తిట్టుకుంటాం గానీ కొనేవైపు మేనేజర్లకి కూడా ఈ చీకటి బాగానే పనికొస్తోందని. తిలాపాపం తలా పిడికెడు.

మావాళ్లలో ఇంకా తెగని గొడవ ఒకటుంది, కాంప్ రూములది. ఎన్నో కొన్ని గదులు తీసుకుంటే ఒక గది ఉచితం అని కాంట్రాక్టులో ఉంటుంది, నలభైకొకటనో యాభైకొకటనో. పెద్ద గ్రూపులో ఇలాంటివి ఐదారు తేలతాయి. ఇవి ఎవరివి? స్టాఫ్‌కి ఇచ్చుకుంటాం అని కొందరు ప్లానర్లు, మాకొద్దు మా డైరెక్టర్‌గారి అమ్మానాన్నలకి అని కొందరు మేనేజర్లు. ఆ యాభై గదులకి డబ్బు కట్టింది కంపెనీ కాబట్టి యాభై ఒకటోది కూడా కంపెనీదేనని నా లెక్క. అందుకని రూమింగ్ లిస్టులో, అంటే ఏ గదిలో ఎవరో రాసే పట్టీలో, ఆ గదుల ఎదురుగా ఎవరుంటున్నారో పేరు రాసి, పక్కన "కాంప్" అని రాసి, బిల్లుతో పాటే అకౌంట్స్‌కి పంపేస్తాను. పేరు రాయాల్సి వస్తుందని తెలిశాక ఆ గదులు చాలావరకు స్పీకర్లకే వెళ్తున్నాయి.